అద్దాల పెట్టెలో ముఖం

సీతమ్మధారలో నేను స్టూడియో తెరిచిన మొదటి వారం మెట్లెక్కి పైకి వచ్చినవాళ్ళందరూ రోగులే. కింద మందుల షాపు, దాని పక్కన ఒక డాక్టరు గారి క్లినిక్కు, రెండింటికీ మధ్యలో మెట్లు. ఆయాసపడుతూ పైదాకా వచ్చి, గుమ్మంలో నిలబడి, డాక్టరు గారున్నారా అమ్మా అని అడిగేవారు. పక్క గుమ్మం అని చెప్పేదాన్ని. కొందరు మళ్ళీ దిగే ఓపిక లేక కాసేపు నా కుర్చీలో కూర్చునేవారు. పెద్ద కిటికీలోంచి వెలుతురు వాళ్ళ ముఖం మీద ఒక పక్కగా పడేది. అలాంటి వెలుతురు కోసమే ఆ గది అద్దెకు తీసుకున్నాను. అయినా ఫోటో తీస్తానని అడగడానికి నోరు వచ్చేది కాదు. జ్వరంతో ఉన్న మనిషిని ఏమని అడుగుతాం?

అది రెండువేల సంవత్సరం. నాకు ఇరవై తొమ్మిదేళ్ళు. అంతకు ముందు ఏడేళ్ళు జగదాంబ దగ్గర ఒక పాత స్టూడియోలో టచింగు పని చేశాను. నెగిటివ్‌ను కింద దీపం ఉన్న అద్దం మీద పెట్టి, సూదిలా చెక్కిన పెన్సిలుతో ముఖం మీది మచ్చలు, ముడతలు పూడ్చడం ఆ పని. నెగిటివ్‌లో ముడత సన్నటి తెల్ల గీతలా కనిపిస్తుంది. ఆ గీత నిండా పెన్సిలు పొడి పట్టిస్తే ఫోటోలో మనిషికి పదేళ్ళు తగ్గుతాయి. రోజంతా అలా ముఖాలు నున్నగా చేసి, సాయంత్రం పెందుర్తి బస్సులో నిలబడి ఇంటికి వెళ్తుంటే, చుట్టూ ఉన్నవాళ్ళ ముఖాలు ఎంత బాగున్నాయో అనిపించేది. గీతలతో సహా, మచ్చలతో సహా. వాటిని అలాగే తియ్యాలన్న కోరిక ఆ బస్సుల్లోనే పట్టుకుంది.

కలర్ ల్యాబులు వచ్చాక టచింగు అడిగేవాళ్ళు తగ్గిపోయారు. మాస్టారు, అంటే ఆ స్టూడియో యజమాని, పెద్దవారైపోయి దుకాణం మూసేశారు. మూసేస్తూ, మెడలో వేలాడదీసుకుని పైనుంచి తల వంచి చూసే తన పాత కెమెరా నాకిచ్చారు. ముందు నీకు నచ్చిన ముఖాలు నాలుగు తీసి కింద వీధిలోకి కనబడేలా పెట్టు, అవి చూసి జనం పైకి వస్తారు అని చెప్పారు. ఆయన చెప్పింది నేను వేదంలా పట్టుకున్నాను. మా నాన్న పెందుర్తిలో ఉన్న కాస్త పొలమూ చూసుకునే మనిషి. ఆడపిల్ల దుకాణం పెట్టడమేమిటని ఆయన పది రోజులు నాతో మాట్లాడలేదు. అన్నయ్య పోర్టులో లారీ డ్రైవరు. వాడు మాత్రం ఎక్కడినుంచో మంచి చెక్క తెచ్చి, అద్దం బిగించి, మెట్ల మొదట గోడకి ఒక పెట్టె కొట్టి ఇచ్చాడు. లోపల చిన్న బల్బు కూడా పెట్టాడు. ఆ పెట్టెలో పెట్టడానికి నా దగ్గర ఒక్క ముఖమూ లేదు.

మొదట మా మేనమామ కూతుర్ని అడిగాను. తెలిసిన పిల్ల, కాలేజీలో చదువుతోంది, కళ్ళు చాలా బాగుంటాయి. తన తల్లిని వెంటబెట్టుకుని వచ్చింది. నేను పన్నెండు ఫోటోలు తీశాను. వాటిలో ఒకటి నిజంగా బాగా వచ్చింది. ఆ పిల్ల కిటికీ వైపు తిరిగి ఏదో గుర్తు తెచ్చుకుంటున్నట్టు ఉంది. అది చూపించడానికి వాళ్ళింటికి తీసుకెళ్తే మా అత్త ఫోటోలన్నీ చూసి, చీర కొంగులో చుట్టుకుని, నెగిటివ్ కూడా ఇచ్చెయ్యమంది. పెళ్ళి కావలసిన పిల్ల ఫోటో వీధిలో వేలాడితే రేపు వచ్చేవాళ్ళు ఏమనుకుంటారని మెల్లిగానే అడిగింది. ఇచ్చేశాను.

తర్వాత క్లినిక్కులో నర్సమ్మ ఒప్పుకుంది. మర్నాడు ఆమె భర్త పైకి వచ్చి, గదంతా ఒకసారి చూసి, ఆవిడకి డ్యూటీలు కుదరవు అని చెప్పి దిగిపోయాడు. బీచి రోడ్డులో కాలేజీ అమ్మాయిలను అడిగితే ఏ పత్రికలో వేస్తారని అడిగారు. ఏ పత్రికలోనూ కాదంటే ఒకరి ముఖం ఒకరు చూసుకుని నడిచి వెళ్ళిపోయారు. మగవాళ్ళని అడిగితే ఇంకో చిక్కు. ఒంటరి గదికి ఆడమనిషి పిలుస్తోందని వాళ్ళకి వేరే అర్థం తోచేది. అలా ఒకడు తోచినట్టే ప్రవర్తించబోతే తలుపు బార్లా తీసి, కింద మందుల షాపాయన్ని పేరు పెట్టి పిలవాల్సి వచ్చింది. ఆ తర్వాత మగవాళ్ళని అడగడం మానేశాను.

మూడు నెలలు గడిచాయి. పాస్‌పోర్టు సైజు ఫోటోలకి ఎవరైనా వస్తే వచ్చినట్టు. పెద్ద ఫోటో తీయించుకోవడానికి ఒక్కరూ రాలేదు. రోజూ పొద్దున్నే పెందుర్తి నుంచి వచ్చి, గది ఊడ్చి, కుర్చీని కిటికీ పక్కకి జరిపి, ఖాళీ కుర్చీ మీద వెలుతురు ఎలా జరుగుతుందో చూస్తూ కూర్చునేదాన్ని. పదకొండుకి కుర్చీ చేతుల మీద పడేది. పన్నెండుకి నేల మీదికి దిగిపోయేది. మధ్యాహ్నం అన్నం క్యారేజీ విప్పితే తినాలనిపించేది కాదు. అమ్మ అడిగితే బాగానే ఉంది, జనం వస్తున్నారు అని అబద్ధం చెప్పేదాన్ని.

ఆమె ఆ రోజుల్లో కనబడింది. జాలరిపేట నుంచి బుట్ట నెత్తిన పెట్టుకుని సీతమ్మధార వీధుల్లో చేపలు అమ్మేది. యాభై దాటి ఉంటాయి. ఎండ ఎక్కేసరికి మా మెట్ల మీద నీడలో బుట్ట దించి కూర్చునేది. ఒకరోజు నేను కిందికి దిగుతుంటే సర్దుకుని లేవబోయింది. కూర్చోప్పా అన్నాను. మా వైపు అక్కని అప్ప అంటాం. పైన గదికి వచ్చేవాళ్ళ కోసం యాస మార్చుకుని మాట్లాడి మాట్లాడి, ఆ ఒక్క మాట అన్నందుకే నాకు ప్రాణం హాయిగా అనిపించింది. ఆమె కూడా నా ముఖంలోకి చూసి, ఏ ఊరమ్మా మీది అని అడిగింది.

నాలుగు రోజులు అలా మాట్లాడుకున్నాక ఫోటో సంగతి అడిగాను. ఆమె నమ్మలేదు.

"నా మొకం ఏటి బాగుందని తీత్తావమ్మా? మా ఇంటికాడ ఉన్నది రేషను కార్డు ఫోటో ఒకటే. అందులో నాను సగవే పడ్డాను."

బాగుంది కాబట్టే అడుగుతున్నానన్నాను. అయితే నీలం పట్టుచీర ఉంది, అది కట్టుకుని, చెవులకి కమ్మలు పెట్టుకుని వస్తాను, అప్పుడు తియ్యి అంది. నాకు కావలసింది ఆ చీర కాదు. ఇప్పుడు ఉన్నట్టుగా ఒకటి, పట్టుచీరలో ఒకటి, రెండూ తీస్తానని మాటిచ్చాను. బుట్టని మెట్ల కింద వదిలి పైకి వచ్చింది. కుర్చీలో ముందుకి, అంచు మీద కూర్చుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో ఒకదాని మీద ఒకటి పెట్టుకుంది. కదలకు అంటే ఊపిరి కూడా బిగపట్టేసింది. చాలాసేపు అయ్యాక, కింద బుట్ట దగ్గరికి కాకులు వచ్చాయేమో అని తల తిప్పి కిటికీలోంచి చూసింది. అప్పుడు నొక్కాను.

ఆ ఫోటో గురించి ఇప్పటికీ ఎలా చెప్పాలో తెలియదు. నేను కడిగిన ఫోటోల్లో అంత మంచిది ఇంకోటి లేదు. నుదుటి మీద ఎండ గీసిన గీతలు, రెండు ముక్కుపుడకలు, ఏదో నష్టం జరగబోతోందని ముందే తెలిసినట్టున్న కళ్ళు. ప్రింటు నీళ్ళలోంచి పైకి తీశాక, ఆమె మణికట్టు మీద ఎండిపోయి అంటుకున్న చేప పొలుసు ఒకటి మెరుస్తూ కనబడింది. తీస్తున్నప్పుడు నేను దాన్ని చూడలేదు. పెన్సిలు ముట్టుకోలేదు. పెద్దది చేసి, చట్రం కట్టించి, కింద అద్దాల పెట్టెలో పెట్టాను.

ఆమె వచ్చి పెట్టె ముందు నిలబడి చూసుకుంది. నానేనా అని మాత్రం అడిగింది. ఆ తర్వాత శుక్రవారం నీలం పట్టుచీర కట్టుకుని, తలకి నూనె రాసుకుని, పూలు పెట్టుకుని ప్రత్యేకంగా బస్సెక్కి వచ్చింది. ఇక్కడ నేను చేసింది చెప్పాలి. ఆ రోజు నాకు తొందరగా ఉంది. ఎవరో వస్తామన్నారు. రోలులో మిగిలినవి రెండే. ఆ రెండూ ఫ్లాషు పెట్టి గబగబా తీసేశాను. ముఖం సున్నం కొట్టినట్టు తెల్లగా వచ్చింది, కళ్ళు సగం మూసుకుపోయాయి. మళ్ళీ తీద్దాంలే అనుకున్నాను. వస్తామన్నవాళ్ళు ఎలాగూ రాలేదు.

పెట్టెలో ఫోటో చూసి వీధిలో జనం ఆగేవారు. నేను పైనుంచి వాళ్ళ తలలు చూసేదాన్ని. ఆగి, చూసి, వెళ్ళిపోయేవారు. మందుల షాపాయన ఒకరోజు పైకి వచ్చి, ఏమీ అనుకోవద్దంటూనే, ఆ ఫోటో చూసి ఎవరూ పైకి రారమ్మా, మనం కూడా ఇలాగే పడతామేమో అని భయపడతారు అని చెప్పాడు. మాస్టారైతే వస్తారన్నారు కదా అని నేను ఇంకో నెల చూశాను. వేట నిషేధం రోజులు వచ్చాయి. పడవలు ఒడ్డునే ఉండిపోయాయి. ఆమె వీధిలోకి రావడం మానేసింది. మెట్లు ఖాళీ అయిపోయాయి.

ఆ నిషేధం రోజుల్లోనే ఒకావిడ వచ్చారు. ఆ వీధిలోనే మేడ, వాళ్ళాయన పెద్ద ఇంజనీరు. పెళ్ళిచూపులకి పంపడానికి కూతురి ఫోటోలు కావాలి. మగవాడి దగ్గర తీయించడం ఇష్టం లేక నా దగ్గరికి వచ్చామన్నారు. సంబంధం కుదిరితే నిశ్చితార్థం, పెళ్ళి, ఆడవాళ్ళ ఫోటోలన్నీ నీకే అన్నారు. గది చూశారు, కుర్చీ చూశారు, బాగుందన్నారు. దిగబోతూ గుమ్మంలో ఆగి, "కింద ఉన్న ఆ ఫోటో తీసెయ్యమ్మా. చేపలమ్మే మనిషి ఫోటో పెట్టిన చోట మా అమ్మాయి ఫోటో తీయించామంటే బాగోదు" అన్నారు.

ఆవిడ కోపంగా అనలేదు. మంచి సలహా ఇస్తున్నట్టే అన్నారు. నేను అలాగేనండి అన్నాను. ఆలోచించుకుంటానని కూడా అనలేదు. ఆవిడ వీధి మలుపు తిరగకముందే కిందికి దిగి, పెట్టె తెరిచి, ఫోటో తీసి, పైకి తెచ్చి గోడవైపు తిప్పి పెట్టాను. పెట్టెలో మా బంధువుల పాప ఫోటో, బొమ్మతో నవ్వుతున్నది, పెట్టాను. ఆ రాత్రి బాగానే నిద్రపోయాను. నాకు ఎక్కువ బాధ కలిగించేది అదే.

అమ్మాయి వచ్చింది. చామనఛాయ, పెద్ద నుదురు, చదువుకున్న పిల్ల. మనసు పెట్టి తీశాను. ప్రింట్లు చూసి వాళ్ళమ్మ, రంగు తక్కువగా కనిపిస్తోంది, చెంప మీద ఆ మచ్చ కూడా పడింది, సరిచెయ్యి అన్నారు. మళ్ళీ దీపం అద్దం ముందు కూర్చుని, పెన్సిలు చెక్కుకుని, ఆ పిల్ల ముఖంలో ఉన్న ఆ పిల్లని మెల్లిగా చెరిపేశాను.

నిషేధం అయ్యాక ఒక ఉదయం కింద ఆడవాళ్ళ మాటలు వినబడ్డాయి. కిటికీలోంచి చూశాను. ఆమె, ఆమె కోడలు, చెల్లెలు, ముగ్గురూ పండక్కి బయల్దేరినట్టు తయారై అద్దాల పెట్టె ముందు నిలబడి ఉన్నారు. బుట్ట లేదు. ఆమె పెట్టెకి అటూ ఇటూ వెతుకుతోంది, ఇంకో పెట్టె ఉందేమోనని. తర్వాత మెట్లెక్కి వచ్చారు.

"మా కోడలికి సూపిద్దావని తెచ్చినానమ్మా. మా సెల్లి కూడా నమ్మలేదు. కింద ఏరే ఫోటో ఉందేటి?"

ఎండకి పాడవుతుందని లోపల పెట్టానన్నాను. గోడవైపు తిరిగి ఉన్న చట్రాన్ని తిప్పి చూపించాను. దాని మీద దుమ్ము పట్టి ఉంది. చీర కొంగుతో తుడిచాను. కోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. చెల్లెలు, ఈ పాత చీరలో తీయించుకున్నావేటి అని అడిగింది. పట్టుచీరలోది ఉంది చూపించమ్మా అని ఆమె నాతో అంది. ఆ తెల్లగా పోయిన ఫోటో తీసి ఇచ్చాను. ముగ్గురూ దాన్ని చేతులు మార్చుకుంటూ చూశారు.

వాళ్ళిద్దరూ దిగాక ఆమె గుమ్మం దగ్గర ఆగింది.

"కింద ఎట్టొద్దని ఎవులైనా అన్నారా?"

నేను తల వంచుకుని చట్రాన్ని మళ్ళీ గోడకి ఆనించాను.

"పోన్లెమ్మా. ఆళ్ళ గేటు లోపలికి నా బుట్టే రానియ్యరు, వాసనొత్తాదంటారు. నీ బేరం నువ్వు సూసుకోవాల గదా. నీ తప్పేటుంది."

తిట్టి ఉంటే బాగుండేది. ఆమె నాకు సర్ది చెప్పి మెట్లు దిగింది. ఫోటో తీసుకెళ్ళమని వెనక నుంచి అన్నాను. మా ఇంట్లో అంత గోడ ఎక్కడుందమ్మా అంది. ఆ తర్వాత కూడా ఆ వీధిలో చేపలు అమ్మింది. నన్ను చూస్తే పలకరించేది. కానీ మా మెట్ల మీద మళ్ళీ కూర్చోలేదు. ఎదురుగా ఇల్లు కడుతున్న చోట ఇసక కుప్ప పక్కన, నీడ లేని చోట బుట్ట దించేది.

ఇంజనీరు గారి అమ్మాయికి సంబంధం కుదిరింది. నిశ్చితార్థానికి నన్ను పిలుస్తారని పది రోజులు చూశాను. వీడియోతో, పెద్ద ఆల్బముతో మొత్తం పని హైదరాబాదు నుంచి వచ్చినవాళ్ళకి ఇచ్చారని మందుల షాపాయన చెప్పాడు. ఆ మర్నాడే చేపలమ్మే ఆమె ఫోటో మళ్ళీ కింద పెట్టెలో పెట్టాను. ఇప్పుడు పెట్టి ఎవరికి చూపించాలి అనిపించి సాయంత్రానికి తీసేశాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఒక ఆదివారం కెమెరా తీసుకుని జాలరిపేట వెళ్ళాను. పట్టుచీరలో ఫోటో సరిగ్గా తియ్యాలని. అడుగుతూ అడుగుతూ ఇల్లు పట్టుకున్నాను. వల బాగుచేస్తున్న మగవాళ్ళు దారి చూపించారు. ఆమె బయటికి వచ్చింది. తల నున్నగా ఉంది. కొడుకు వెళ్ళిన పడవ రెండు రోజులు ఆలస్యంగా తిరిగి వచ్చిందట. మొక్కుకుని సింహాచలంలో జుట్టు ఇచ్చేసిందట. టీ కాచి ఇచ్చింది. ఫోటో మాట ఎత్తితే నవ్వింది.

"బోడి గుండుకి పట్టుసీర ఏటమ్మా. జుట్టొచ్చినాక రా."

వస్తానన్నాను. ఆ మాట అన్నప్పుడు నిజంగానే వద్దామనుకున్నాను. జుట్టు పెరగడానికి ఏడాది పడుతుంది. ఆ ఏడాదిలో నా గదికి వచ్చేవాళ్ళు ఇంకా తగ్గిపోయారు. పక్క వీధిలో కంప్యూటరు పెట్టిన స్టూడియో వచ్చింది. నేను రెండు రోజులు కూర్చుని చేసే టచింగు అక్కడ ఒక కుర్రాడు రెండు నిమిషాల్లో చేస్తాడట. ఏ ముఖంతో జాలరిపేట వెళ్ళాలో తెలియక రేపు, ఎల్లుండి అనుకుంటూ వాయిదా వేశాను. వెళ్ళలేదు.

రెండువేల మూడులో గది ఖాళీ చేశాను. సామాను దించడానికి అన్నయ్య వచ్చాడు. అద్దాల పెట్టె గోడ నుంచి ఊడదీస్తుంటే అద్దం పగిలింది. వాడు నావైపు చూడకుండా, "నువ్వు సేసిన పనిలో తప్పు నేదు. ఈ ఊళ్ళో ఎవులికీ ఆల మొకం ఆలకి అక్కర్లేదు" అన్నాడు. వాడు ఓదార్చడానికే అన్నాడు. అది నిజమో కాదో నాకు తెలియదు. నావల్లే కాలేదేమో, ఇంకెవరైనా అయితే జనాన్ని ఒప్పించి ఉండేవారేమో అని చాలా ఏళ్ళు ఆలోచించాను. మాస్టారికి చెప్పడానికి వెళ్తే ఆయన మంచం మీద ఉన్నారు. వ్యాపారం ఎలా ఉందమ్మా అని అడిగారు. బాగుందండి అన్నాను.

తర్వాత గాజువాకలో ఒక కాంట్రాక్టరు దగ్గర పని దొరికింది. ఫ్యాక్టరీల్లోకి కూలీలని పంపేవాడు. వాళ్ళ గేటు పాసులకి ఫోటోలు తియ్యడం నా పని. చిన్న కెమెరా, వెనక తెల్ల గుడ్డ, ఎదురుగా ట్యూబులైటు. ఒక్కొక్కరికీ అరనిమిషం. నవ్వకూడదు, తల వంచకూడదు, చెవులు కనబడాలి. ఒక్కరోజులో నేను తీసినన్ని ముఖాలు ఆ సీతమ్మధార గదిలో మూడేళ్ళలో తియ్యలేదు. ఇక్కడ ఎవరినీ బతిమాలనక్కర్లేదు. వాళ్ళే వరసలో నిలబడి వస్తారు.

ఒకసారి పెద్దాయన ఒకడు కూర్చున్నాడు. విజయనగరం వైపు మనిషి, వ్యవసాయం వదిలి వచ్చాడట. తీశాక కుర్చీలోంచి లేవకుండా, ఇలాంటిది ఇంకొకటి తనకి ఇస్తానా అని అడిగాడు. పాసు మీద ఉంటుంది కదా అన్నాను. పని అయిపోగానే పాసు తీసేసుకుంటారమ్మా అన్నాడు. ఇవ్వడానికి నాకు అధికారం లేదని చెప్పాను. అర్థమైనట్టు తల ఊపి లేచాడు. వెనక నలభై మంది నిలబడి ఉన్నారు. తర్వాతి మనిషిని కూర్చోమన్నాను.